కడగొట్టు బిడ్డ

తిరుపతిలో ఒక లాడ్జీకి బుకింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకునే మునిశేఖర్ దేన్నీ టక్కున ఆపడు. ఒక ప్రోగ్రామ్‌ను ఆపాలంటే, అది పుట్టించిన పిల్ల ప్రోగ్రాములన్నిటినీ వెతికి, కడగొట్టుదాని నుంచి మొదలుపెట్టి, "ముగించుకోండి నాయనా" అని గొణుగుతూ కబురు పంపుతాడు. పది సెకన్లు చేతులు కట్టుకుని కూర్చుంటాడు. అప్పటికీ కదలనిదాన్ని మాత్రం కళ్లు మూసుకుని బలవంతంగా ఆపుతాడు. తల్లి ప్రోగ్రామ్‌ది ఎప్పుడూ ఆఖరి వంతు. తల్లి ముందు పోతే పిల్లలు దిక్కులేక తిరుగుతాయని అతని బెంగ.

ఈ మర్యాదంతా కోడ్‌గా రాసిపెట్టుకున్నాడు. మొన్న శనివారం బుకింగ్ బిగుసుకుపోయి, కౌంటర్ దగ్గర యాత్రికులు అరుస్తుంటే, ఆ కోడ్‌ను నడిపించాడు. తెర మీద "ముగించుకోండి నాయనా" అని ఒక్కసారి వచ్చి ఆగిపోయింది. బుకింగ్ మాత్రం అట్లే బిగుసుకునే ఉంది. పక్క సీటు అమల తొంగిచూసింది.

"నీ కోడ్‌ను బుకింగ్ లోపల్నుంచే మొదలుపెట్టినావు కదన్నా! ఇది గూడా దాని బిడ్డే, కడగొట్టు బిడ్డ. మొదటి కబురు దీనికే పోయింది."

మునిశేఖర్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"సూసినావా అమలా, ఎంత మర్యాదో! పది సెకన్లు గూడా ఆగలే, చెప్పంగానే పోయింది."