కన్నమ్మ పేరున్న పేజీ

చర్ల అవతల మా గూడెంలో పగిడయ్యకు పుస్తకాల పిచ్చి. అవీ ఒకే ఒక్క రచయితవి. ఆశ్రమ పాఠశాలలో వంట చేస్తాడు. పప్పు మాడిపోతున్నా సరే, కథ మధ్యలో లేవడు. వేసవి సెలవుల్లో ముసలి కన్నమ్మ ఇంటి పందిట్లో మేమంతా బీడీలకు పోయే తునికాకు కట్టలు కడుతుంటే, పక్కన కూర్చుని బిగ్గరగా చదివి వినిపిస్తాడు.

పగిడయ్య ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే, రెండేళ్ల కిందట ఆ రచయితగారే మా గూడేనికి వచ్చారు. మూడు రోజులు కన్నమ్మ ఇంట్లోనే మకాం. ఆమె చేసిన ఇప్పపూల లడ్డూలు తిన్నారు, పోడు చేలన్నీ తిరిగారు, ఏదేదో రాసుకున్నారు. వెళ్లేటప్పుడు "అమ్మా, నిన్ను నా నవలలో పెడతాను" అన్నారు. ముసలామె సిగ్గుతో కొంగు నోట్లో కుక్కుకుంది.

ఈ ఎండాకాలం ఆ నవల వచ్చింది. నూరేళ్ల తర్వాత మనుషులు అంగారకుడి మీదికి వలసపోయే కథ. భద్రాచలం వెళ్లి కొని తెచ్చిన పగిడయ్య ముందుగా ఒక్క పేజీ అయినా తిప్పాడా? లేదు! అందరం కలిసి కొత్తల పండుగ చెయ్యందే కొత్త చిక్కుడుకాయ కూడా నోట పెట్టని ఊరు మాది. "అందరితోటే నేను గూడ వింట" అన్నాడు. అదే కొంప ముంచింది.

నాలుగు రోజులు రాకెట్లు, యంత్రాలు, ఉపన్యాసాలు. "ఎహె, ఇదేం కథ పగిడన్నా! గిన్ని మిషన్లున్నయ్, ఒక్క మనిషన్న ఏడుస్తలేడు" అని నా పక్కన కట్టలు కడుతున్న ద్వాలి విసుక్కుంది.

"ఆగరాదు, ముందుంది" అని కసిరాడు పగిడయ్య.

ఐదో రోజు కన్నమ్మ పేరు వచ్చింది. పందిరంతా కేకలు! ఆమె చేతిలో ఆకు కింద పెట్టి, కొంగు సర్దుకుని కూర్చుంది.

పగిడయ్య ఆగాడు. గొంతు సవరించుకుని మెల్లగా చదివాడు. అంగారకుడి మీద కన్నమ్మ జొన్నలు చల్లిందట, అవి మొలిచాయట.

"మల్ల చదువు బిడ్డా" అంది కన్నమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

మళ్లీ చదివాడు. ఈసారి సామలు చల్లిందన్నాడు. కన్నమ్మకు అక్షరం రాదు కానీ, విన్న మాట మరిచిపోదు.

"ఇందాక జొన్నలంటివి గద. అందుల ఏమున్నది పగిడయ్యా?"

అతను తల వంచేశాడు. నేను అంగన్‌వాడీ టీచర్ని, నాకు చదువొచ్చు. పుస్తకం లాక్కుని చూశాను. పోడు కోసం భూమ్మీద మిగిలిన చివరి అడవిని తగలబెట్టిన ముసలిదాని పేరు కన్నమ్మ. దొంగ సచ్చినోడు! ఆమె ఇంట్లో తిని ఆమెనే అంటాడా? ఒళ్లు మండి, ఉన్నదున్నట్టు చదివేశాను.

"మూడు దినాలు నా చేతి బువ్వ తిన్నడు" అంది కన్నమ్మ.

"తోలుకొచ్చింది నేనే అవ్వా" అని పగిడయ్య ఏడ్చాడు. "నీ మనసు నొస్తదని..."

"ఆయన పరాయోడు. నువ్వు నా ముందట పెరిగినోనివి. నాకు చదువు రాదని నువ్వు గూడ గట్లనే జేస్తివి."

మొన్న ఆమె పోడు పట్టా కాగితం వచ్చింది. ఎప్పటిలాగే పగిడయ్య పరుగెత్తుకొచ్చి చదివాడు. కన్నమ్మ అంతా విని, కాగితం తీసుకుని నా చేతిలో పెట్టింది.

"నువ్వు గూడ ఒకపారి చదువు" అంది.