గంటస్తంభం మెట్ల మీద సుద్దపొడి

ఆ ఊరి గంటస్తంభానికి కీ ఇచ్చే మనిషికి అనుమానం ఉగ్గుపాలతో అబ్బింది. పాలు పల్చగా ఉంటే నీళ్లు కలిపారంటాడు, చిక్కగా ఉంటే ఏం కలిపారో చెప్పమంటాడు. అలాంటివాడికి నిజంగానే ఒక కారణం దొరికితే ఇక చెప్పాలా?

రోజూ పొద్దున్న ఎనిమిదింటికి డెబ్భై రెండు మెట్లెక్కి, గడియారానికి కీ ఇచ్చి, తండ్రి వదిలిపోయిన జేబు వాచీ చూసి ముళ్లు సరిచేయడం అతని పని. నెల రోజులుగా ఎప్పుడెక్కినా గడియారం వాచీకన్నా నాలుగు నిమిషాలు ముందుంటోంది. వెనక్కి జరిపి దిగుతాడు. మర్నాడు మళ్లీ నాలుగే. యంత్రం చెడితే ఒకరోజు మూడు, ఒకరోజు ఆరు ఉండాలి గాని, కొలిచి పెట్టినట్టు ఈ నాలుగేమిటి? ఇందులో ఎవరిదో చెయ్యి ఉంది. స్తంభం తలుపుకి గడియే గాని తాళం కూడా లేదాయె.

ఇంతలో పొద్దుటిపూట గడియారం తప్పు చెబుతోందని పురపాలక కార్యాలయానికి ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. సోమవారం పదింటికి ఇంజనీరు తనిఖీకి వస్తున్నాడు. తేడా కనిపిస్తే, తండ్రీ తనూ కలిసి యాభై ఏళ్లు నిలబెట్టిన ఉద్యోగం ఊడినట్టే.

"ఇంకెవరు? నీ తమ్ముడే!" అన్నాడు భార్యతో. ఆ బావమరిది స్తంభం పక్కనే వాచీలు బాగుచేసే కొట్టు నడుపుతాడు.

"వాడికి అన్ని మెట్లెక్కే ఓపికెక్కడిది?" అంది ఆమె, కూర వడ్డిస్తూ.

మాట మరీ తేలిగ్గా వచ్చిందనిపించింది అతనికి.

శనివారం మెట్ల మీద సుద్దపొడి చల్లి, ఇంటికొచ్చి భోంచేసి, రోజూలాగే కునుకు తీశాడు. సాయంత్రం వెళ్లి చూస్తే పొడిలో చెప్పుల గుర్తులు. ఎడమ మడమ దగ్గర టైరు ముక్క అచ్చు స్పష్టంగా ఉంది. భార్య చెప్పుకి ఆ ముక్క కుట్టింది తనే. అక్కా తమ్ముడూ ఏకమయ్యారన్నమాట!

ఆదివారం పనుందని చెప్పి బయల్దేరి, గడియారం వెనక నక్కి కూర్చున్నాడు. ఒంటిగంట కాబోతుండగా ఆమె ఆయాసపడుతూ పైకొచ్చి, ముళ్ల మీద చెయ్యి వేసింది.

"నీ తమ్ముడు పంపాడా?"

ఆమె ఉలిక్కిపడి గోడ పట్టుకుంది. అంతలో ఆమె చేతిసంచిలోని చిన్న రేడియో ఒంటిగంట కొట్టింది.

"ముందు మీ వాచీ తీయండి," అంది.

తీశాడు. ఒంటిగంటకి ఐదు నిమిషాలు తక్కువ.

"రోజుకి ఐదు నిమిషాలు వెనకబడుతోంది. మధ్యాహ్నం మీరు నిద్రపోగానే దాన్ని సరిచేసి, ఇక్కడికొచ్చి దీన్నీ సరిచేస్తున్నా. మర్నాడు ఎనిమిదింటికల్లా అది మళ్లీ నాలుగు నిమిషాలు వెనకబడుతుంది, దాన్ని నమ్మి మీరు ఇది చెడగొడుతున్నారు."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెప్పాను. మా నాన్న వాచీకే వంక పెడతావా అని రెండ్రోజులు అన్నం మానేశారు. గుర్తులేదూ?"

గుర్తుంది. వాచీని ఆమె చేతికే ఇచ్చి, దాన్నీ గడియారాన్నీ సరిచేయించుకున్నాడు.

సోమవారం ఎనిమిదింటికి చూస్తే గడియారం మళ్లీ నాలుగు నిమిషాలు ముందుంది. చెయ్యి దానంతటదే ముల్లు మీదికి వెళ్లింది. అక్కా తమ్ముడూ కలిసి ఆ రేడియోతో నాటకమాడి ఉంటే? నాన్న మాట వినాలా, భార్య మాటా? చాలాసేపటికి చెయ్యి వెనక్కి తీసుకుని, ముళ్లు ముట్టుకోకుండా దిగాడు.

పదింటికి ఇంజనీరు చూశాడు. "అర నిమిషం కూడా తేడా లేదే! దేంతో కలుపుతున్నావయ్యా?"

"మా నాన్నగారి వాచీతోనండీ." నోట్లోంచి అలా వచ్చేసింది. కింది మెట్టు మీద నిలబడి భార్య వింటూనే ఉంది. ఆ క్షణంలో అతను సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ వాచీ ఇప్పుడు పురపాలక కార్యాలయంలో అద్దాల పెట్టెలో ఉంది. ఊరికి తప్పకుండా వేళ చెప్పిన వాచీ అని కింద బోర్డు కూడా పెట్టారు. ఆమె ఊసు అందులో ఎక్కడా లేదు. అతను మాత్రం ఆ తర్వాత ఏ రోజూ ఆమెను టైమడగకుండా మెట్లెక్కలేదు. చివరిదాకా పాలవాణ్ణి అనుమానిస్తూనే ఉన్నాడు గాని, ఆమె చెప్పిన టైముని ఒక్కనాడూ సరిచూసుకోలేదు.