వార్నిష్ ఓవెన్లో ఎండిన క్యారెట్

మోటార్లకు వైండింగ్ చేసే తమ్ముడు పని నేర్చుకున్నా, నాలుగు మెతుకులు తిన్నా, అంతా అక్క చలవే. అలాంటి అక్క షుగర్ వచ్చి రెండు కళ్లూ పోగొట్టుకుని, పక్కగదిలో మంచం పట్టింది. అన్నం ముట్టనని భీష్మించుకుంది. "గుడ్డిదానికి తిండెందుకురా, దండగ!" ఎంత బతిమాలినా అదే మాట.

ఆమెను కదిలించేవి పీతలు మాత్రమే. మంచం పక్కన గాజుతొట్టి, అందులో తడి ఇసుక, శంఖాలను వీపున మోసుకు తిరిగే పీతలు మూడు. చూపున్న రోజుల్లో సరదాపడి తెచ్చుకుంది. సాయంత్రంపూట అవి ఎండుముక్కలు కొరుకుతుంటే గరగరమని చప్పుడొచ్చేది. అది చెవిన పడ్డాకే, "తింటున్నాయిరా, సరే పెట్టు" అనేది. పచ్చిముక్కలు వేస్తే చప్పుడు రాదు, పైగా బూజు. అందుకని తమ్ముడు క్యారెట్, గుమ్మడి, యాపిల్ పల్చగా తరిగి, మేడమీద వలగుడ్డ కింద ఎండబెట్టి డబ్బాకెత్తేవాడు. ఉప్పు వెయ్యకూడదు, నూనె తగలకూడదు. అవి అక్క పెట్టిన రూల్సు.

ఆ ఏడు ముసురు పట్టుకుంది. ఎనిమిది రోజులు సూర్యుడి జాడ లేదు. తరిగిన ముక్కలు జిగురు సాగాయి. డబ్బా ఖాళీ అయింది. చప్పుడు లేక ముద్ద దిగక అక్క సగమైపోయింది. ఇక దక్కదేమోనని తమ్ముడికి భయం పట్టుకుంది.

అప్పుడు తట్టిందయ్యా మనవాడికి బ్రహ్మాండమైన ఉపాయం! తన వైండింగ్ షాపులో ఓవెన్ ఉందిగా. వార్నిష్ పూసిన రాగి కాయిల్స్ ఆరబెట్టేది. ముప్పై ఏళ్లుగా దాన్ని నమ్ముకున్నవాడు. లోపలంతా గుడ్డతో తుడిచి, కాయిల్స్ పెట్టే పాత తట్టలోనే ముక్కలు పేర్చాడు. రెండు గంటల్లో గలగలలాడాయి. వాసన చూశాడా? చూశాడు. వార్నిష్ పీల్చీ పీల్చీ చచ్చిన ముక్కుకు ఏం తెలుస్తుంది, నా మొహం!

రెండు సాయంత్రాలు అక్క కడుపునిండా తింది. మూడోరోజు మధ్యాహ్నం చూస్తే పీతలు మూడూ శంఖాల్లోంచి బయటికి జారి, కాళ్లు చాపేసి ఉన్నాయి. వాటిని సంచీలో వేసుకుని, అప్పట్లో అక్కకు పీతల్ని అమ్మిన షాపుకు పరిగెత్తాడు.

"రాగి పొడి తగిలిందా ఏంటన్నా? వీటికి అది విషం" అన్నాడు షాపువాడు.

తమ్ముడికి ఓవెన్లోని ఆ పాత తట్ట గుర్తొచ్చింది. తన చేత్తో తానే చంపుకున్నాడు.

సాయంత్రం కంచం పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. అక్క చెవి తొట్టివైపు తిప్పింది. నిజం చెబుదామనే వచ్చాడు గానీ, ఎడమచెయ్యి తొట్టిలో పెట్టి, మిగిలిన క్యారెట్ ముక్కను గోటితో గీకసాగాడు.

"తింటున్నాయా?"

"తింటున్నాయక్కా."

అక్క నోరు తెరిచింది. నాలుగు ముద్దలు తిన్నాక, చెయ్యి చాచి, తడిమి, గీకుతున్న అతని మోచెయ్యి పట్టుకుంది.

"చాల్లేరా. ఎంతసేపని గీకుతావు, గోళ్లు అరిగిపోతాయి."

అతను ఆమె ఒళ్లో తలపెట్టి భోరుమన్నాడు. అక్క అతని తల నిమిరింది. మర్నాడు కంచం తెస్తే మొహం గోడవైపు తిప్పుకుంది.