సంతకం ఆపి పోయిన మేడం

చిక్కడపల్లి మార్కెట్‌ల దొండకాయలు ఏరుకుంటున్న. ఫోన్ మోగింది. మా పై రూం మేడం తమ్ముడు. ఆయన నాకు ఎన్నడూ ఫోన్ చెయ్యలేదు. "పెద్దమ్మా, అక్క పొద్దుగాల పోయింది" అన్నడు. గుండెకు ఏదో పరీక్ష ఉంది, రెండు దినాలల్ల వస్తనని చెప్పి పోయిన మనిషి. నేను ఏమన్ననో నాకు యాది లేదు. కూరగాయలామె నా చేతిలకెళ్లి సంచి తీసుకొని, "కూసో అమ్మా" అని ఆమె గోనెపట్టా మీదనే కూసోబెట్టింది. చానాసేపు అట్లనే కూసున్న. ఎవరో వచ్చి నన్నే దొండకాయల ధర అడిగిండ్రు.

నేను ఏడో తరగతి దాక చదువుకున్న. ఇది రాస్తుంటే కూడ భయమే, ఎక్కడ తప్పు పోతదో, ఎవరి మనసు కష్టపడతదో అని. గ్యాస్ బంద్ చేసిన్నో లేదో అని గల్లీ మలుపుకాడికి పోయి మళ్లొచ్చే మనిషిని నేను. కానీ ఆమె పోయిందని పేపర్‌ల రెండు లైన్లు కూడ రాలేదు. ఆమె చేసిన పనికి మన దిక్కు సరైన పేరే లేదు, ఇగ పేపరోళ్లు మాత్రం ఏమని రాస్తరు? అందుకే రాస్తున్న.

అశోక్‌నగర్‌ల మా ఇల్లు. మా ఇంటాయన పోయినంక కింద మెస్సు నడిపిన, పరీక్షలకు చదివే పిల్లలకు అన్నం పెట్టిన. మోకాళ్లు పోయినయి, బంద్ చేసిన. పై రూం ఎప్పటికీ పిల్లలకే కిరాయికి ఇస్తుంటి. ఒకనాడు ఈమె వచ్చింది. యాభై దాటిన మనిషి, జుట్టు సగం తెల్లగ, కళ్లద్దాలు నెత్తి మీద. "ఏం పని చేస్తవ్ బిడ్డా?" అంటే "ఏజెంట్‌ను" అన్నది. "మాకు బీమా ఉంది, ఇంక ఒద్దు" అన్న నేను. ఆమె నవ్విన నవ్వుకు పక్కింటామె కిటికీ తెరిచి చూసింది.

అప్పుడు చెప్పింది. "పుస్తకం రాసినోళ్లు ఉంటరు పెద్దమ్మా, వాళ్లకు ఏ తలుపు కొట్టాల్నో తెల్వదు. అచ్చేసేటోళ్లు ఉంటరు, వాళ్లకు తలుపు తీసే తీరిక లేదు. నేను నడుమ నిలబడత."

"సంబంధాలు చూసేటాయన లెక్కనా?"

"దాదాపు గంతే. ఇక్కడ గుడ పిల్లగానికి లేని గుణాలు చెప్తే రేపు నా మొకమే పోతది."

కోఠిల పుస్తకాల దుకాణంల పనిచేసిందట, తర్వాత అచ్చేసేటోళ్ల ఆఫీసుల చానా ఏండ్లున్నదట. అక్కడ బల్ల కింద ఎవరూ విప్పని కట్టలు పేరుకపోవుడు చూసి చూసి, ఈ పనికి వచ్చిందట. మన దిక్కు రివాజు మీకు తెలిసిందే. రాసినాయనే సొంత పైసలు పెట్టి అచ్చు వేయించుకుంటడు, సభ పెడతడు, ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటరు, ఆఖరుకు మిగిలిన కట్టలు మంచం కిందికి పోతయి. దానికి ఏజెంట్ ఎందుకు అని అందరూ అడుగుతుండిరి. ఆమె వాదించకపోతుండె. "మంచం కింద జాగ ఉన్నన్ని దినాలు నా అవసరం పడదు" అంటుండె.

ఆదివారం మనుషులు వస్తుండిరి. నాకు పై మెట్లు ఎక్కుడు కష్టమని ఆమె వాళ్లను కింద మా వరండల్నే కూసోబెట్టేది. నేను చాయ్ పెడుతుంటి. ఒకపారి నారాయణగూడ నుంచి ఒక పెద్దసారు వచ్చిండు, రిటైరైన లెక్చరర్. మిఠాయి డబ్బా తెచ్చిండు, ఒక శాలువా తెచ్చిండు, పెద్ద సంచి తెచ్చిండు. సంచిల నుంచి ముందుగాల బయటికి తీసినయి ముందుమాటలు. పుస్తకం ఇంకా పూర్తి కానే లేదు, ముందుమాటలు మాత్రం పెద్ద పెద్దోళ్లతోటి రాయించుకున్నడు.

మేడం వాటిని చదవలేదు. మంచిగ సర్ది పక్కన పెట్టింది. "సార్, పెద్దమ్మ చాయ్ తెచ్చేలోపట మీ పుస్తకం ఏందో నాకు చెప్పండి" అన్నది.

"అన్నీ అందుల్నే ఉన్నయమ్మా. ఆయన ఏమన్నడో చదువు, ఈయన ఏమన్నడో..."

"వాళ్లేమన్నరో కాదు సార్. మీరేమన్నరో."

నేను కావాల్ననే పాలు తక్కువ మంట మీద పెట్టిన, పాపం ఆయనకు జర టైం దొరుకుతదని. అయినా ఆయనకు చెప్పరాలేదు. కోపం వచ్చింది. "నేను ఎవరినో నీకు తెలుసా అసలు?" అన్నడు.

"అదే తెలుసుకుందామని అడుగుతున్న సార్" అన్నది, గొంతు పెంచకుండ.

ఆయన చాయ్ తాగకుండనే లేచిండు. నాకు రంది పట్టుకున్నది. పెద్దమనిషిని అట్ల పంపుడు మంచిదా, బయట నలుగురికి చెప్తే ఈమె పని ఏం కావాలె అని. ఆమె మాత్రం ఆయన వెనకనే గేటు దాక పోయింది, శాలువా, మిఠాయి తిరిగి చేతిల పెట్టింది. "ఒక్క కాయితం మీద కథేందో రాయండి సార్. దాని వెంట మొదటి మూడు భాగాలు తేండి. ఇంతకు ముందు ఎవరెవరికి చూపించిండ్రో దాచకుండ చెప్పండి. సంచి ఇంట్ల పెట్టి రండి" అన్నది. చెప్పలేని పుస్తకం ఇంకా పూర్తి కాలేదన్నట్టే అని ఆమె మాట.

వానకాలం పోయి చలి వచ్చినంక ఆయన మళ్ల వచ్చిండు, చేతిల ఒక్క కాయితం పట్టుకొని. ఆ ఒక్క కాయితానికి నెలలు పట్టిందని ఆయనే నవ్వుకుంట చెప్పిండు. ఆ పుస్తకం అచ్చయింది.

వచ్చినోళ్లందరికీ అంత మంచి జరగలేదు. చానామందికి ఆమె "ఇది నాతోటి కాదు" అనే చెప్పింది. కొందరు ఏడ్చిండ్రు. ఒకాయన "ముందుగాల ఎంతియ్యాల్నో చెప్పు మేడం, ఇచ్చేస్త" అన్నడు. అప్పుడు ఒక్కసారే ఆమెకు కోపం వచ్చుడు చూసిన. "మొదలే పైసలడిగే ఏజెంట్ వస్తే తలుపేసుకో అన్నా. పుస్తకం అమ్ముడు పోయినంకనే నా వంతు. అమ్ముడు పోకపోతే నేను గుడ నీ లెక్కనే ఖాళీ చేతులతోటి పోత."

ఇగ నా సంగతి. ఆమె నా దగ్గరనే తింటుండె. వడ్డిస్తూ నేను నా మెస్సు పిల్లల ముచ్చట్లు చెప్తుంటి. రిజల్ట్ వచ్చిన దినం ఎవరు రెండు ముద్దలు ఎక్కువ తిన్నరు, ఎవరు కంచం ముందట కూసొని అన్నం కెలుక్కుంట ఉండిపోయిండ్రు, ఉద్యోగం వచ్చినోడు మొదటి జీతం అందంగనే వచ్చి అదే పప్పు చారు పెట్టమని ఎట్ల అడిగిండు, ఇట్లాంటివి. ఒకనాడు ఆమె చెయ్యి కడుక్కోకుండనే, "ఇది రాయి పెద్దమ్మా" అన్నది.

"నాకేం వస్తది బిడ్డా రాసుడు."

"చెప్పుడు వస్తది కద. చెప్పినట్టే రాయి."

రాసిన. మొదటి కాగితాలు చూసి అన్నీ పక్కన పెట్టింది. వాటిల నా భయాలే ఉన్నయి. ఎవరైన ఏమనుకుంటరో, నేనెవర్ని రాయనీకి, తప్పులుంటే మన్నించండి, అంతా అదే. "నువ్వు లోపలికి రానీకే ఇంతసేపు చెప్పులు ఇడుస్తున్నవు. ఆ పిల్లగాడు కంచం ముందట కూసున్న కాడికెళ్లి మొదలుపెట్టు" అన్నది. అట్లనే పెట్టిన. ఒక్కొక్క భాగం చదివి అంచుల్ల పెన్సిల్‌తోటి గీతలు పెట్టేది. మార్చు అని రాసేది కాదు, "ఇక్కడ నాకు ఆకలి కాలేదు" అని రాసేది. ఆమె చెప్పిందల్ల నేను వినలేదు. పిల్లల తల్లుల ముచ్చట తీసెయ్యమంటే తియ్యనన్న. రెండు దినాలు మూతి ముడుచుకున్నది, తర్వాత "నీ పుస్తకం, నీ ఇష్టం" అని ఒప్పుకున్నది.

అచ్చేసేటోళ్లకు పంపినంక నాకు నిద్ర లేదు. దినాం అడుగుడే. ఫోన్ చేద్దామా, అంది ఉంటదా, నచ్చక పారేసిండ్రా. "ఒద్దు. వాళ్లను చదవనీ. నువ్వు పొయ్యి మీద పెట్టినంక మూత ఎన్నిసార్లు తీస్తవ్?" అంటుండె. నేను ఎన్నోసార్లు తీస్తనని ఆమెకు తెలుసు. ఒకరు ఒద్దన్నరు. "ఆ ఇంట్ల మనకు జాగ లేదు, ఇంకో ఇల్లు చూస్త" అన్నది, కిరాయి ఇల్లు దొరకనట్టు. ఇంకో కాపీ ఇంకొకరికి నా అంతట నేనే ఇస్తనంటే మాత్రం గట్టిగ చెప్పింది, "నాకు తెల్వకుండ ఎవరికీ ఇయ్యకు. ఇద్దరం రెండు దిక్కులకెళ్లి గుంజితే చినుగుతది."

ఆఖరుకు బషీర్‌బాగ్‌ల ఒకరు వేస్తమన్నరు. ఒప్పందం కాయితం వచ్చింది. ఆ దినం నేను పరమాన్నం చేసిన. ఆమె గిన్నె పక్కన పెట్టుకొని కాయితం చదువుతనే ఉన్నది, పరమాన్నం చల్లగ అయింది. తర్వాత వాళ్లకు ఫోన్ చేసి నిలబడి మాట్లాడింది. "మామూలే అంటే ఎట్ల సార్? ఎవరికి మామూలు?" అన్న మాట ఒకటి వినబడింది. నాకు భయమైంది. వచ్చిన సంబంధం చెడిపోతదేమో అని. "ఎందుకు బిడ్డా తకరారు, వాళ్లే వద్దంటే?" అన్న.

"అందుల ఒక్క మాట ఉంది పెద్దమ్మా. అది ఉంటే పుస్తకం నీది కాదు, రేపు ఎవరు ఏం చేసుకున్నా నువ్వు అడగలేవు. అది తీపిస్త. దవాఖానకెళ్లి వచ్చినంక నీకు చూపించి చెప్త. నేనొచ్చేదాక సంతకం పెట్టకు."

ఆటో అప్పటికే గేటు ముందట ఉంది. బర్కత్‌పుర దిక్కు పోవాల్నని డ్రైవర్‌కు చెప్పుకుంట ఎక్కింది. కళ్లద్దాలు నెత్తి మీద అట్లనే ఉన్నయి. అవి అక్కడున్నయని మర్చిపోయి దవాఖానల వెతుకుతదని నేను సైగ చేసిన. నేను చెయ్యి ఊపుతున్ననుకొని ఆమె కూడ చెయ్యి ఊపింది.

పదకొండో దినం అయిపోయినంక అచ్చేసేటోళ్ల ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మంచిగనే మాట్లాడిండు ఆయన. "మేడం పోయిన్రని విన్నమమ్మా, చానా బాధైంది. మీరు ఆ కాయితం మీద సంతకం పెట్టి పంపితే పని మొదలుపెడతం. సోమవారం దాక చూస్తం, తర్వాత మా జాబితా నిండిపోతది."

"మేడం ఏదో ఒక మాట తియ్యమన్నది కద సార్?"

"అవన్నీ మామూలేనమ్మా. అందరూ పెడతరు."

ఎవరికి మామూలు అని అడగాల్ననిపించింది. కానీ "సరే సార్" అన్న. సరే అంటే ఒప్పుకున్నట్టు అనుకున్నడేమో, అది ఇంకో భయం.

కాయితం తెలుగుల్నే ఉంది. అక్షరం అక్షరం చదవొస్తది నాకు. కానీ ఆమె తియ్యమన్న మాట ఏదో కనబడుతలేదు. ఆమె ఏం గీతలూ పెట్టలేదు. ఎదురు హాస్టల్ పిల్లలకు చూపించిన. గ్రూప్స్‌కు చదివేటోళ్లు, తెలివైనోళ్లు. "మస్తుగనే ఉందమ్మా, పెట్టెయ్" అన్నరు. నారాయణగూడల కిరాయి కాయితాలు రాసే వకీలు సాబ్‌కు చూపించిన. స్టాంపు, తారీకు చూసిండు. "ఇసుంటిది నేను ఎన్నడూ చూడలేదమ్మా, నన్నడగకు" అన్నడు. నిజం చెప్పిండు, అందుకు ఆయనకు దండం. మేడం తమ్ముడు సామాన్లు తీసుకపోవనీకి వచ్చినప్పుడు ఆయన్నీ అడిగిన. "అక్క ఏం చేసేదో మాకు సరిగ్గ తెల్వదు పెద్దమ్మా" అన్నడు. బీరువా, మంచం, పుస్తకాలు దించిండ్రు. రూం ఖాళీ అయింది. ఎవరన్న కిరాయికి అడిగితే ఇయ్యాల్నా ఒద్దా అనేది కూడ నాకు తెలుస్తలేదు.

నిన్న శనివారం సాయంత్రం గేటు చప్పుడైంది. అరవై ఏండ్లుంటయేమో, సిద్దిపేట దిక్కు మనిషి, ఆర్టీసీల కండక్టర్‌గ చేసి రిటైరైనాయన. చంకల ఒక ఫైలు. "ఏజెంట్ మేడం ఇక్కడే ఉంటరా అమ్మా? ఒక కాయితం, మూడు భాగాలు తెమ్మన్నరు, తెచ్చిన" అన్నడు.

చెప్పిన. ఆయన గేటు పట్టుకొని నిలబడ్డడు. "మరి నా పుస్తకం?" అన్నడు, నన్ను కాదు, ఎవరినో అడిగినట్టు.

"నాకు తెల్వదు నాయనా. నా పుస్తకం సంగతే నాకు తెలుస్తలేదు" అన్న.

చాయ్ పెట్టిన. వరండల కూసున్నడు. అరుగు మీద ఉన్న నా కాయితం చూసి "ఇదేందమ్మా?" అంటే మొత్తం చెప్పిన. ఆయన ఫైలు పక్కన పెట్టి, కాయితం చేతికి తీసుకొని, బస్సుల ఊర్ల పేర్లు పిలిచినట్టు గట్టిగ, ఆగి ఆగి చదవబట్టిండు. ఒక వాక్యం అయిపోంగనే తలెత్తి నా మొకం చూస్తుండె.

"ఇదా అమ్మా?"

"ఏమో నాయనా. కాదేమో."

ఇంకోటి చదివిండు. మళ్ల చూసిండు. హాస్టళ్లల్ల లైట్లు ఒక్కొక్కటి పడుతున్నయి, పిల్లలు టిఫిన్లకు దిగుతున్నరు. మా వరండ లైటు వెయ్యాలె, నేను లేస్తలేను. లేస్తే ఒక వాక్యం తప్పిపోతదేమో అని.

"ఇదా?"

"ఇంకోపారి చదువు" అన్న.