మామ ఆకు ముట్టిన పిట్ట

టచ్‌ఫోను కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో నేను తీసిన ఏ ఫోటోలోనూ మనిషికి తల ఉండేది కాదు. తల పడితే కాళ్లు పడేవి కావు, రెండూ పడితే మధ్యలో నా బొటనవేలు పడేది. గల్ఫులో ఉన్న మా ఆయన అవి చూసి "ఏందే, ఊళ్లె అందరి తలకాయలు కోసిండ్రా?" అనేవాడు. పెళ్లయి ఏడాది నిండలేదు, ఏమన్నా నవ్వొచ్చేది. నా చదువు రెండో తరగతిలోనే ఆగింది. ఫోన్లో బొమ్మను చూసి ఒత్తడమే తప్ప అక్షరాల జోలికి పోయేదాన్ని కాదు. అలాంటి నా చేతికి, మా మామ చనిపోయిన మూడో రోజు, పిట్టను ఫోటో తీసే పని పడింది.

మామ కథలాపూర్ దగ్గర మా ఊళ్లో కల్లు కోసం ఈతచెట్లు గీసేవాడు. (చెట్టు మీద నుంచి పడ్డాడా అని అందరూ అడుగుతారు. లేదు. పడుకున్న మనిషి పొద్దున లేవలేదు, అంతే.) మా ఆయనకు అక్కడి యజమాని సెలవివ్వలేదు. తలకొరివి చిన్నమామ పెట్టాడు. ఆ కబురు విన్నప్పటి నుంచి మా ఆయన అన్నం ముట్టలేదు. "బాపు నా మీద కోపంతోనే పోయిండు. కాకి ముట్టినంకనే నేను తింట" అని కూర్చున్నాడు. ఆ ఎండలో కట్టడం పని, కడుపులో చాయ్ నీళ్లు. ఇక్కడ నా ప్రాణం కొట్టుకులాడేది.

మా వైపు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, కాటి దగ్గర విస్తరాకులో పెట్టి, దూరం జరిగి నిలబడాలి. కాకి వచ్చి ముట్టిందంటే పోయిన మనిషికి ఎవరి మీదా కోపం లేనట్టు. ముట్టకపోతే బతిమాలుకోవాలి. యాటకూర పెట్టాం, గారెలు పెట్టాం, కల్లు పోశాం, మామ పెరట్లో పెంచిన బొప్పాయి కోసి పెట్టాం. రోజూ మా గిన్నెల్లో మూతి పెట్టే కాకులు ఆ రోజు ఒక్కటీ లేవు. ఆడిబిడ్డ ఏడుస్తూ "బాపూ, తమ్మున్ని వాళ్లు రానియ్యలేదే, వాని తప్పు లేదే" అని మొక్కింది. అత్త మాత్రం "బతికున్నప్పుడే పిలిస్తే ఒక్కపాలి రాలె, ఇప్పుడొస్తడా!" అని మామను తిట్టింది.

ఎండ నెత్తికెక్కాక నల్లగా ఒకటి దిగింది. బొప్పాయి ముక్కను రెండు పోట్లు పొడిచింది. నేను ఫోను ఒత్తాను, అందరూ అరిచారు, అది ఎగిరిపోయింది. చిన్నమామ "కాకే!" అన్నాడు. "కాకికి తోక గంత పొడుగుంటదా?" అంది ఆడిబిడ్డ. వాళ్ల వాదన తెగకముందే నేను ఫోటో పంపేశాను.

వెంటనే ఫోనొచ్చింది. "స్పీకర్ పెట్టిన, రూమ్ల అందరు సూస్తుండ్రు" అన్నాడు మా ఆయన. నీరసంతో గొంతు పీలగా ఉంది. వెనక నుంచి మిగతావాళ్లు అందుకున్నారు.

"గిదేం కాకి? కాలి చెప్పు లెక్కుంది" అన్నాడు కోరుట్ల పిల్లగాడు.

"గది వదినె బొటనవేలురా! పిట్ట పక్కకున్నది సూడు" అన్నాడు ఇంకొకడు.

"గద్ద పిల్ల" అన్నాడు జగిత్యాలాయన.

"మీ జగిత్యాల గద్దలు బొప్పాయి తింటయా, పటేలా? రేపు మామిడికాయలు గూడ తెంపుతయి!" అన్నాడు సిరిసిల్లాయన. గదంతా నవ్వు. పందేలు కూడా కట్టారు. ఆ గోలలో మా ఆయన కూడా ముక్కుతో ఒకసారి నవ్వినట్టు వినబడింది. వెంటనే నన్ను అడిగాడు.

"నువ్వు దగ్గరుండి సూసినవ్ గదనే. కాకేనా? నా మీద ఒట్టు, నిజం చెప్పు."

కాకేనని చెప్పమన్నట్టు ఆడిబిడ్డ నా చెయ్యి గిల్లింది. నాకు మాత్రం ఆ పిట్ట ఎర్ర కళ్లు స్పష్టంగా కనబడ్డాయి.

"కాకి గాదయ్యా, కోయిల" అన్నాను. అత్త తల కొట్టుకుంది. ఇక నా నోరు ఆగలేదు. "అయితేంది? కోయిలను సాదింది కాకి గాదా? కాకి గూట్ల పుట్టి, కాకి నోటి మెతుకులు తిని, రెక్కలొచ్చినంక యాడికో పోతది. సాదినోళ్లు కోపం జేస్తరా? మామ కాకిని పంపలే. దూరం పోయిన కొడుకునే పంపిండు."

ఫోన్లో సిరిసిల్లాయన మెల్లగా "అరేయ్, కంచం తేండ్రి" అన్నాడు. నమిలే చప్పుడు, మధ్యలో ముక్కు ఎగబీల్చే చప్పుడు. "కూరల ఉప్పు లేదే" అన్నాడు మా ఆయన.

"ఏడ్సుకుంట తింటున్నవ్ గద, ఉప్పు సరిపోతది. తిను."

ఆ తర్వాత వాళ్లకు సెలవుండే ప్రతి శుక్రవారం అదే ఆట. నేను గోరింకనో, కొంగనో, కరెంటు తీగ మీది పావురాన్నో తీసి పంపడం, ఆ గది వాళ్లు పేర్లు చెప్పడం. నా ఫోటోలు బాగుపడలేదు కాబట్టి ఆట చాలాకాలం సాగింది.

కొన్నేళ్లకు మా ఆయన కూడా పోయాడు, ఆ గల్ఫులోనే. గుండె ఆగిందన్నారు, పెట్టెలో పంపారు. ఆయనకు పిట్టకు పెట్టిన రోజు బతిమాలడానికి నా దగ్గర మాటలు బోలెడున్నాయి. ఆకు పెట్టి మేము వెనక్కి తిరిగామో లేదో, కాకి దిగి కూరలో ముక్కు పెట్టేసింది. నిఖార్సయిన కాకి, ఎవరూ పేరు చెప్పనక్కర్లేదు. "అదృష్టవంతురాలివే, ఏ కోపం లేకుంట పోయిండు" అన్నారు ఆడవాళ్లు. నాకేమో దాన్ని రాయి పెట్టి కొట్టాలనిపించింది. కాస్త ఆలస్యంగా వస్తే ఆయనతో ఇంకో నాలుగు మాటలు మాట్లాడేదాన్ని కదా. ఇంత వయసొచ్చి, తొందరగా వచ్చిందని కాకి మీద అలిగిన మనిషిని ఊళ్లో నేనొక్కదాన్నే ఉంటాను.