క్వెరీ అడగని నంబరు

మా డేటాబేస్ మేడం పోయారని సోమవారం పొద్దున్న క్లాసు వాట్సాప్ గ్రూపులో చదివాను. అందరూ దండం బొమ్మలు పెడుతున్నారు. ఆవిడను తలచుకుంటే నాకు దుఃఖం కంటే ముందు సిగ్గు వస్తుంది.

విజయనగరంలో డిగ్రీ చదివేటప్పుడు ఆవిడ మాకు ఎస్‌క్యూఎల్, అంటే కంప్యూటర్లో దాచిన వివరాలను క్వెరీలనే ప్రశ్నలతో రాబట్టే భాష, చెప్పేవారు. బొబ్బిలి మనిషి. బోర్డు మీద క్వెరీ రాసి, సుద్దపొడి చీర కుచ్చిళ్లకే తుడుచుకుని, "బట్టీ పట్టీకండి. అది ఏటి అడుగుతందో సూడండి" అనేవారు.

చివరి సంవత్సరం పరీక్ష దరఖాస్తులన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయో లేదో చూసే పని ఆవిడకే అప్పగించారు. ప్రతి రోల్ నంబరునూ దాని తర్వాత ఉన్నదానితో పోల్చి, మధ్యలో ఏదైనా తప్పిపోతే చూపించే క్వెరీ రాశారు. ఏదీ తప్పిపోలేదని వచ్చింది. ప్రిన్సిపాల్‌కి అదే చెప్పారు. అందరికంటే ఆలస్యంగా చేరిన నాది ఆఖరి నంబరు. ఎక్కనిది నా దరఖాస్తే. నా ముందు నంబరుకు ఆ తర్వాత పోల్చడానికి ఏమీ లేదు కాబట్టి, క్వెరీ నా గురించి అడగనేలేదు.

హాల్‌టికెట్లు పంచిన రోజు నాకు రాలేదు. ఏడుస్తూ భోగాపురం దగ్గర మా ఊరికి వెళ్లిపోయాను. సాయంత్రానికి ఆవిడ మా వాకిట్లో ఉన్నారు. చుట్టూ ఎండబెట్టిన చేపలు. ఆ వాసనకి ఏమనుకుంటారోనని నేను లోపల దాక్కున్నాను.

"తప్పు నాదేనమ్మా. నేను సరిగ్గా సూసుంటే మీ పిల్లకి ఇలగ జరక్కపోను" అంటున్నారు అమ్మతో, తల వంచుకుని.

"అయ్యో, గురువులు మీరు! కూకోండమ్మా" అని పీట వేసి, అమ్మ లోపలికొచ్చి నా జబ్బ పట్టుకుంది. "ఒసే, అంత సదువు సెప్పినావిడ మనింటికొచ్చి తలొంచుకుంటే, నువ్వేటే దొంగలాగ దాగున్నావు? ఆ సేపలమ్మే గదే నిన్ను సదివించినాం!"

మర్నాడు మేడం నన్ను వెంటబెట్టుకుని యూనివర్సిటీ ఆఫీసులో గదిగదికీ తిరిగారు. మొదటి పేపరు పోయింది, మిగతావి రాయనిచ్చారు. పోయినది తర్వాత రాసి పాసయ్యాను. ఇప్పుడు నాకు అన్నం పెడుతున్నది ఆవిడ చెప్పిన పాఠమే.

తప్పిపోయిన నంబర్లు వెతికే పాఠం వచ్చినప్పుడల్లా ముందు తన పాత క్వెరీనే బోర్డు మీద రాసేవారని తర్వాతి బ్యాచ్‌ల పిల్లలు చెప్పారు. "ఇది నేను సేసిన తప్పు. ఉన్నోళ్ల మజ్జినే ఎతికేను. ముందు ఎవలెవలు ఉండాలో ఆ వరస పెట్టుకోండి. అప్పుడడగండి, ఎవలు రాలేదని" అనేవారట. నా పేరు మాత్రం ఏనాడూ చెప్పలేదట.

నేను? ఆఫీసులో మీవాళ్లేం చేస్తారని అడిగితే, నిన్నమొన్నటి దాకా "వ్యాపారం" అనేదాన్ని.

ఆవిడ మా ఇంటికొచ్చిన ఆ సాయంత్రం, బస్సెక్కించడానికి వెళ్లాను. ఆవిడ చేతిలో అమ్మ ఇచ్చిన ఎండుచేపల పొట్లం. పక్క సీటామె కొంగుతో ముక్కు మూసుకుంది. నేను కిటికీ కింద నిలబడి, తలెత్తలేక, "సీటు కింద పెట్టీండి మేడం" అన్నాను.

"ఎందుకే?" అన్నారు.

బస్సు కదిలింది. పొట్లం ఒళ్లోనే ఉంది, దాని మీద ఆవిడ రెండు చేతులూ.