ఉప్పులో వేసిన తేనెమంచు పురుగులు

మామిడి పూతకు వచ్చినప్పుడు తోటలో నడిస్తే ముఖానికి చిటపటమని ఏవో తగులుతాయి. గోధుమగింజంత కూడా ఉండవు. అవి తేనెమంచు పురుగులు. పూతలో రసం పీల్చి, ఆకుల మీద జిగురు వదిలి, ఆ జిగురు మీద నల్లబూజు పట్టించి, కాపు నాశనం చేసి పోతాయి. బంగారుపాళ్యం వైపు తోటలున్న వాళ్లెవరూ వాటి పేరు ప్రేమగా పలకరు. నేను మాత్రం వాటిని నమ్ముకునే ఉద్యోగం చేస్తున్నాను.

"మేము సంపేదానికి మందు కొడతా ఉంటే, నువ్వు సాకతా ఉండావా?" అని అమ్మ ఎగతాళి చేసేది.

మా ల్యాబు ఏర్పేడు దగ్గర క్యాంపస్‌లో ఉంది. నేను చదివేది పురుగుల మైటోకాండ్రియాల్లో ఉండే డీఎన్‌ఏను. మైటోకాండ్రియా అంటే కణం ఊపిరి తీసుకోవడానికి పనికొచ్చే భాగం. దానికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది, గాజులాగా గుండ్రంగా, పదిహేను పదహారు వేల అక్షరాల పొడవున. అది తల్లి నుంచే పిల్లలకు వస్తుంది, తండ్రిది రాదు. తరాలు గడిచేకొద్దీ ఎక్కడో ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పులను వరసగా పెట్టి చూస్తే, ఇన్ని మందులు కొట్టినా ఏ తల్లి సంతానం నిలబడింది, ఏ తల్లి వరస ఆగిపోయింది అని ఊహించవచ్చు.

ఒక ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకు ఈ సంగతి చెప్పాను. ఇద్దరం పితుకుపప్పు కోసం నానబెట్టిన అనపగింజలను తోలు ఊడేలా పితుకుతున్నాం. అమ్మ చేతులు ఆగలేదు గానీ కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి.

"అయితే మా యమ్మది నాకు, నాది నీకు వచ్చిండాదా?"

"అవునుమా."

"మరి మీ నాయనది?"

"ఆయనది నాకూ రాలేదు, అన్నకూ రాలేదు. ఇద్దరికీ నీదే. అన్న పిల్లోళ్లకు మాత్రం వాళ్లమ్మది."

అమ్మ పకపకా నవ్వింది. "ఇంటిపేరు ఆయనది, ఊపిరి నాదా! ముందే తెలిసుంటే ఆయప్పతో గట్టిగా మాట్లాడిందును." మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది: "అట్లయితే పాపా, నీతో ఆఖరా?"

నేను పెళ్లి చేసుకోలేదు. అప్పటికే నలభై దాటాయి. "ఆఖరే" అన్నాను కటువుగా. అమ్మ ఇంకో దోసెడు గింజలు నా ముందుకు తోసింది.

ఆ రోజే అమ్మకు ఒక పని అప్పజెప్పాను. మా తోటలో రోడ్డు పక్కన ఒక పాత తోతాపురి చెట్టు ఉంది, మేము మూల చెట్టు అంటాం. వరసగా మూడేళ్లు, పూత సమయంలో, ఆ చెట్టు మీది పురుగులు నాకు కావాలి. ఆదివారాలకు తప్ప నేను రాలేను. మందు ఏ రోజు కొడతారో, పురుగు ఏ రోజు దిగుతుందో అమ్మకు తెలిసినట్టు నాకు తెలియదు. స్పిరిట్ నింపిన చిన్న సీసాలు ఇచ్చి, పట్టిన పురుగులను అందులో వేసి మూత బిగించమన్నాను. మూడు పూతలవీ కలిపి ఒకేసారి చదువుదామని, మధ్యలో ఎప్పుడూ సీసాలు అడిగి చూడలేదు.

అమ్మ పురుగులు పట్టే తీరు నేను ఒకసారి చూశాను. నల్ల గొడుగును తెరిచి, తలకిందులుగా కొమ్మ కింద పెట్టి, కర్రతో కొమ్మను ఒక్కటి కొట్టేది. పురుగులు గొడుగులో రాలేవి. తల పూర్తిగా గొడుగులోకి వంచి, ఎగిరిపోకుండా తడిగుడ్డ కప్పి, ఒక్కొక్కటీ ఏరేది. పుస్తకాల్లో ఈ పద్ధతికి పెద్ద పేరే ఉంది. అమ్మకు ఎవరూ నేర్పలేదు.

మూడో పూత అయిపోయాక వెళ్లాను. అమ్మ సంబరంగా మూడు సీసాలు తెచ్చి నా ముందు పెట్టింది. నేనిచ్చిన సీసాలు కావవి. ఊరగాయ పెట్టే గాజు సీసాలు, మూతికి తెల్లగుడ్డ కట్టి ఉన్నాయి. లోపలంతా కల్లుప్పు. ఉప్పులో నల్లనల్లగా పురుగులు. ఒక్కో సీసాలో, పట్టిన రోజున చించిన క్యాలెండరు కాగితం మడిచి పెట్టి ఉంది. తేదీ, తిథి, నక్షత్రం, రాహుకాలంతో సహా. వెనక పెన్సిలుతో "మూల చెట్టు" అని రాసింది.

"స్పిరిట్ ఏమైంది?" అన్నాను.

"జామచెట్టు మొదట్లో పోసేసినా. సారాయి కంపు కొడతా ఉండింది. స్వామి పటం ఉండే ఇంట్లో దాన్ని యాడ పెట్టేది?"

మా ఇంటి దేవుడు కొండ మీది స్వామి. స్వామికి ప్రత్యేకమైన పెరటాసి నెల శనివారాలు వచ్చాయంటే అమ్మ ఉల్లిపాయ కూడా ముట్టుకోదు. జ్వరానికి డాక్టరు రాసిన టానిక్కును కూడా మూత తీసి వాసన చూసిగానీ తాగని మనిషి. ఆమె చేతికి సీసాల నిండా స్పిరిట్ ఇచ్చి వచ్చిన తెలివి నాది. ఆ తప్పు నాదని అప్పుడు తోచలేదు.

"ఒకపూట నీడన ఆరబెట్టి ఉప్పులో వేసినా. ఉప్పులో వేసింది యేదీ చెడిపోదు పాపా."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఇది ఊరగాయ కాదుమా! మూడేండ్ల పని మట్టి చేసినావు. తెలియకపోతే అడగొచ్చు కదా!" అని అరిచాను. ఇంకా ఏవేవో అన్నాను, చదువు గురించి కూడా. అవి ఇక్కడ రాయడానికి సిగ్గేస్తుంది.

అమ్మ సీసాలు తీసుకెళ్లి వంటింటి అటక మీద పెట్టింది. సాయంత్రం ఎప్పటిలాగే బస్సు దాకా వచ్చింది. పితుకుపప్పు డబ్బా చేతికిచ్చింది. నేనే సరిగ్గా మాట్లాడలేదు. బస్సు కదిలాక వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ ఏడు కాయ కోతలు అయిన పది రోజులకు అమ్మ గుండెనొప్పితో పోయింది. ఈ మధ్యలో చాలాసార్లు ఫోన్‌లో మాట్లాడుకున్నాం. కాయ ఎంత దిగింది, పల్ప్ ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు ఎంత దూరం నిలబడ్డాయి, నాకు నడుం నొప్పి తగ్గిందా, అన్నీ మాట్లాడుకున్నాం. తప్పయిందమ్మా అనే మాట ఒక్కటే మిగిలిపోయింది. రేపు చెప్పవచ్చులే అనుకునేదాన్ని.

మరుసటి ఏడు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు తోటలో ఆ పక్క వరస అంతా పోయింది. మూల చెట్టు ఉన్న చోట ఇప్పుడు తారు ఉంది. ఆ చెట్టు మీది పురుగులు కావాలన్నా ఇక దొరకవు. అన్న క్యాంపస్‌కు వచ్చి ఒక చేతిసంచి నా బల్ల మీద పెట్టాడు. అందులో మూడు సీసాలు ఉన్నాయి.

"ఈటిని నీకే ఇయ్యమనింది అమ్మ. కోపంలో పారేస్తాదేమో, పారెయ్యద్దని చెప్పు అనింది."

నాలుగు నెలలు వాటిని బీరువాలోనే ఉంచాను. తెరిస్తే ఏమీ దొరకదని భయం. అంతకంటే, అమ్మ చేసిన పని నిజంగానే వృథా అని నా చేతులతోనే తేల్చాల్సి వస్తుందని భయం. ఒకరోజు గుండె చిక్కబట్టుకుని, నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయిని పిలిచి మొదటి సీసా గుడ్డ విప్పాను.

పురుగులు ఎండాయి గానీ కుళ్లలేదు. ఉప్పు నీటిని లాగేస్తుంది. నీరు లేనిచోట కుళ్లు సాగదు. ల్యాబులో నేను రోజూ వాడే ద్రావణాల్లో సగం ఉప్పు నీళ్లే. ఇదంతా నాకు తెలియని శాస్త్రం కాదు. అమ్మ నోట వచ్చేసరికి అది నాకు శాస్త్రంలా వినిపించలేదు, అంతే.

కణంలో కేంద్రకం ఒక్కటే, అందులోని డీఎన్‌ఏ చాలావరకు ముక్కలైపోయింది. మైటోకాండ్రియాలు మాత్రం వందల్లో ఉంటాయి కదా. ఒకదానిలో చిరిగిన చోటు ఇంకొకదానిలో బాగుంది. ముక్కలన్నీ అతికిస్తే ఆ డీఎన్‌ఏ గాజు పూర్తిగా చుట్టుకుంది. మూడేళ్లవీ వచ్చాయి. మూల చెట్టు మీద మొదటి ఏడు కనిపించిన ఒక తల్లి వరస మూడో ఏటికి లేదు. ఎక్కడో ఆగిపోయింది. ఆ ఫలితం చూసి సంతోషపడాల్సిన దాన్ని, స్క్రీన్ ముందు కూర్చుని ఏడ్చాను.

మిగిలిన పురుగుల కోసం మూడో సీసాను మళ్లీ తెరిచిన రోజు, మా ల్యాబు అమ్మాయి పట్టకారుతో ఉప్పులోంచి ఏదో పైకి తీసింది. వెంట్రుక. మూరెడు పొడవు, సగం తెలుపు, సగం గోరింటాకు ఎరుపు.

"కంటామినేషన్ మేడమ్" అని చెత్తబుట్ట వైపు తిరిగింది.

"ఆగు!" అన్నాను. నా గొంతుకు ఆ పిల్ల అదిరిపడింది.

గొడుగులోకి తల వంచి ఏరుతున్నప్పుడు రాలి ఉంటుంది. ఊడిన వెంట్రుకలో కేంద్రకం డీఎన్‌ఏ దాదాపు మిగలదు. మైటోకాండ్రియాలది ఉంటుంది. కావాలంటే చదవవచ్చు, ఒక వారం పని. కానీ అందులో ఏముంటుందో నాకు తెలుసు. అదే నాలోనూ ఉంది, అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి నాకు. నాకు కావాల్సింది అది కాదు. ఆ తల ఒక్కసారి గొడుగులోంచి పైకి లేచి నా వైపు చూడాలి. నేను అన్న మాటలు వెనక్కి తీసుకోవాలి.

వెంట్రుకను ఉప్పులోనే పెట్టి, గుడ్డ కప్పి ముడి వేశాను.

"నువ్వు చెప్పిందే నిజంమా" అన్నాను, పైకే. "యేమీ చెడిపోలేదు."

పురుగుల గురించి అనుకుని, ఆ ల్యాబు అమ్మాయి తలూపి రిజిస్టర్‌లో అలాగే రాసుకుంది.